మిగులు ఖజానా, మాజీ సైనికుడి ఓటు
(ఓట్ల చరిత్ర – తొమ్మిదో భాగం)

అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న 1862 ఆగస్టు చివర్లో, వర్జీనియాలోని బుల్ రన్ వాగు దగ్గర రెండోసారి జరిగిన పోరులో, జేమ్స్ టానర్ అనే కార్పొరల్ రెండు కాళ్లూ ఫిరంగి దెబ్బకు నుజ్జయ్యాయి. మోకాళ్ల కింద తీసేయక తప్పలేదు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. కొయ్యకాళ్లతో నడక నేర్చుకున్నాడు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాడు, వాషింగ్టన్‌లో యుద్ధశాఖ గుమస్తాగా చేరాడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో తూటా తగిలిన అధ్యక్షుడు లింకన్‌ను ఎదుటి పీటర్సన్ ఇంటికి మోసుకొచ్చినప్పుడు పక్కింట్లో అద్దెకున్నది టానరే. సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాసుకోగలవాడు కావాలని అతన్ని పిలిచారు. అధ్యక్షుడు వెనక గదిలో కొన ఊపిరితో ఉండగా, మరో గదిలో కూర్చుని తెల్లవారుజాము దాకా వాంగ్మూలాలు రాశాడు.

ఇలాంటి మనిషికి దేశం బాకీ పడిందా లేదా అన్న ప్రశ్నే అక్కర్లేదు. ఉత్తరాది పక్షాన ఇరవై లక్షల మందికి పైగా పోరాడారు. దాదాపు 3,60,000 మంది చనిపోయారు. తిరిగొచ్చినవారిలో చేతులు పోయినవారు, కళ్లు పోయినవారు, బందిఖానాల్లో తిండిలేక జీవచ్ఛవాలైనవారు ఎందరో. వాళ్లకు పింఛను ఇవ్వడం దాతృత్వం కాదు, మాట నిలబెట్టుకోవడం. ఈ భాగంలో చెప్పేది ఆ న్యాయమైన బాకీ పాతికేళ్లలో ఎన్నికల బేరంగా ఎలా మారిందో, ఆ బేరంలో ఎవరు బాగుపడ్డారో, ఎవరి గొంతు ఎవరికీ వినపడకుండా పోయిందో.

మొదటి చట్టం యుద్ధం నడుస్తుండగానే, 1862 జులైలో వచ్చింది. అది చాలా స్పష్టమైన చట్టం. సైన్యంలో పనిచేస్తూ తగిలిన గాయం వల్లో, అక్కడ పట్టిన జబ్బు వల్లో పనిచేయలేని స్థితికి వచ్చిన సైనికుడికి పింఛను. అతను చనిపోతే భార్యకు, అనాథలైన పిల్లలకు, అతని మీదే ఆధారపడిన తల్లికి. మామూలు సిపాయి పూర్తిగా పనికి దూరమైతే నెలకు 8 డాలర్లు. యుద్ధం ముగిశాక కొన్నేళ్లపాటు దరఖాస్తులు పెరిగి, తర్వాత తగ్గుముఖం పట్టాయి. 1870ల నడుమకొచ్చేసరికి, ఇక ఏటేటా ఈ ఖర్చు తగ్గుతూ పోతుందని వాషింగ్టన్‌లో అందరూ అనుకున్నారు. 1878లో పింఛన్లకు అయిన ఖర్చు సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు.

ఆ మరుసటి ఏడాది లెక్కలన్నీ తారుమారయ్యాయి. 1879 జనవరి 25న అధ్యక్షుడు హేస్ సంతకం పెట్టిన బకాయిల చట్టం అందుకు కారణం. చూడ్డానికి చిన్న సవరణ. అంతకుముందు, ఆలస్యంగా దరఖాస్తు పెట్టుకున్నవాడికి పింఛను ఆ దరఖాస్తు నాటి నుంచి మొదలయ్యేది. కొత్త చట్టం ప్రకారం సైన్యం నుంచి బయటికొచ్చిన రోజు నుంచే లెక్కగట్టి, బకాయి మొత్తం ఒకేసారి చేతిలో పెట్టాలి. నెలకు 8 డాలర్లు రావాల్సిన సిపాయి 1865 జులైలో ఇంటికొచ్చి, 1879 జులైలో పింఛను పొందితే, అతనికి ఒక్కసారిగా దక్కేది 1,344 డాలర్లు. రోజుకు డాలరో డాలరున్నరో కూలి దొరికే కాలంలో అది ఒక పొలం కొనుక్కోగల సొమ్ము. 1880 జులై 1లోగా దరఖాస్తు చేసినవారికే ఈ అవకాశం అని గడువు పెట్టారు. పద్నాలుగేళ్లుగా పింఛను మాటే తలపెట్టనివాళ్లు కూడా ఆ గడువు చూసి పరుగులు పెట్టారు. రెండేళ్లు తిరక్కముందే ఖర్చు రెట్టింపు దాటింది: 1880లో 5 కోట్ల 70 లక్షలు.

ఈ చట్టం ఎవరు కోరితే వచ్చింది? సైనికులు కోరారు, నిజమే. కానీ వాళ్లకంటే గట్టిగా కోరింది వాషింగ్టన్‌లో పింఛను దరఖాస్తులు నడిపే ఏజెంట్లు. వాళ్లలో పెద్దవాడు జార్జ్ లెమన్. ఒక్కో దరఖాస్తుకు చట్టం అనుమతించిన రుసుము 10 డాలర్లు. చూడ్డానికి చిన్న మొత్తమే గానీ, దరఖాస్తులు వేలల్లో ఉంటే అదే ఆస్తి. లెమన్ 1877లో నేషనల్ ట్రిబ్యూన్ అనే పత్రిక పెట్టాడు. మాజీ సైనికులు రాసిన యుద్ధ జ్ఞాపకాలు, పాత దళాల కబుర్లు, వాటి పక్కనే పింఛను చట్టాల వివరాలు, దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో సలహాలు, తన కార్యాలయం చిరునామా. పత్రిక వేల ఇళ్లకు చేరింది. ఏ సభ్యుడు బిల్లుకు అనుకూలంగా ఓటేశాడో, ఎవడు అడ్డుపడ్డాడో పాఠకులకు తెలిసిపోయేది. బకాయిల బిల్లు సెనేట్‌లో ఓటింగ్‌కు వచ్చినప్పుడు కాదన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఖర్చెంతవుతుందో అప్పటికి ఎవరి దగ్గరా సరైన అంచనా లేదు. అయినా కాదని చెయ్యెత్తే ధైర్యం చేసినవాళ్లు అతి కొద్దిమంది.

దరఖాస్తుల పరిశీలన ఎలా జరిగేదో చెప్పుకుంటే ఈ వ్యాపారం లోతు అర్థమవుతుంది. ఒహాయోలోనో ఇండియానాలోనో ఉన్న సైనికుడు తన ఊరి డాక్టరు దగ్గర ఒక అఫిడవిట్, తనతో పాటు దళంలో ఉన్న ఇద్దరు ముగ్గురి దగ్గర అఫిడవిట్లు తీసుకుని ఏజెంటు ద్వారా వాషింగ్టన్‌కు పంపేవాడు. సాక్షుల్ని ఎదురు ప్రశ్నించేవాళ్లుండరు. ఊరివాళ్లెవరూ తమ పొరుగువాడి పింఛనుకు అడ్డుపడరు. అడ్డుపడితే ఊళ్లో ఉండలేరు కూడా. అప్పటి పింఛన్ల కమిషనర్ బెంట్లీ ఈ పద్ధతి మార్చాలని చూశాడు. ప్రభుత్వ వైద్యులే ఆయా ప్రాంతాలకు వెళ్లి దరఖాస్తుదారుల్ని పరీక్షించి, సాక్షుల్ని బహిరంగంగా విచారించాలన్నాడు. ఏజెంట్లు, వాళ్ల పత్రికలు అతన్ని సైనికుల శత్రువుగా చిత్రించారు. ఆ ప్రతిపాదన పోయింది, కొన్నాళ్లకు బెంట్లీ పదవీ పోయింది.

ఇక సంఘం సంగతి. 1866 ఏప్రిల్‌లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకటర్ పట్టణంలో మాజీ సైనికులు గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ అనే సంఘం పెట్టుకున్నారు. చచ్చిపోయిన తోటివారి సమాధుల మీద పూలుంచడం, వాళ్ల వితంతువులను ఆదుకోవడం, ఏడాదికోసారి గుడారాలు వేసుకుని కలుసుకోవడం దాని పని. 1870ల మధ్యలో సభ్యులు 30 వేలకు అటూ ఇటూ ఉన్న ఈ సంఘం, దాదాపు ఆరిపోయే దశకు వచ్చింది. బకాయిల చట్టం తర్వాత దానికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. 1880ల తొలినాళ్లలో పింఛన్ల కోసం ప్రత్యేక కమిటీ వేసుకుని వాషింగ్టన్‌లో పైరవీకి దిగింది. 1890 నాటికి సభ్యత్వం 4 లక్షలు దాటింది. గ్రాంట్, హేస్, గార్‌ఫీల్డ్, హారిసన్, మకిన్లీ: ఈ అయిదుగురు అధ్యక్షులూ దాని సభ్యులే. నియమావళి ప్రకారం సంఘానికి పార్టీ లేదు. ఆచరణలో మాత్రం అది రిపబ్లికన్ పార్టీకి కుడిభుజం. తూటా ఎటు పేల్చావో ఓటూ అటే వెయ్యమన్నది ఆ రోజుల్లో ఊరూరా వినిపించిన నినాదం.

నాలుగు లక్షల మంది సభ్యులున్న సంఘమంటే మొత్తం ఓటర్లలో చిన్న భాగమే. మరి రెండు పార్టీలూ దానికెందుకు అంతగా తలవంచాయి? జవాబు ఆ కాలపు ఎన్నికల లెక్కల్లో ఉంది. యుద్ధం తర్వాత దక్షిణాది దాదాపు మొత్తంగా డెమొక్రాట్లది. న్యూ ఇంగ్లండ్, పై మధ్య పశ్చిమం రిపబ్లికన్లవి. తేలాల్సింది న్యూయార్క్, ఇండియానా, ఒహాయో లాంటి కొద్ది రాష్ట్రాల్లోనే. అక్కడ కొన్ని వందల ఓట్లు అటు మొగ్గినా, ఇటు మొగ్గినా దేశాధ్యక్షుడు మారిపోతాడు. 1884లో డెమొక్రాట్ అభ్యర్థి గ్రోవర్ క్లీవ్‌లండ్ న్యూయార్క్ రాష్ట్రాన్ని గెలిచింది పదకొండు లక్షలకు పైగా పోలైన ఓట్లలో పన్నెండు వందలలోపు ఆధిక్యంతో. అదే అతన్ని అధ్యక్షుణ్ణి చేసింది. ఒహాయో, ఇండియానాల్లో మాజీ సైనికులు లేని పల్లె లేదు. ఇరు పార్టీలూ వాళ్ల గుమ్మం తొక్కడానికి ఇదీ కారణం. ఎక్కువమంది కోరారనో, ఎక్కువ అవసరంలో ఉన్నారనో కాదు. తూకం వేసే చోట నిలబడి ఉన్నారు కాబట్టి.

అదే 1884 ఎన్నికలప్పుడు పింఛన్ల కమిషనర్‌గా ఉన్నవాడు విలియం డడ్లీ. గెటిస్‌బర్గ్ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఇండియానా మనిషి. ఎన్నికల ముందు తన కార్యాలయపు ప్రత్యేక పరిశీలకుల్ని పెద్దసంఖ్యలో ఒహాయో, ఇండియానాలకు పంపాడు. దరఖాస్తులు విచారించడం పైకి చెప్పిన పని. రిపబ్లికన్ అభ్యర్థి బ్లెయిన్ గెలుపునకు పాటుపడటం అసలు పని. ప్రభుత్వ కార్యాలయాన్ని పార్టీ కార్యాలయం చేసేందుకు ఇంతకన్నా సూటి మార్గం లేదు: నీ దరఖాస్తు నా బల్ల మీద ఉంది, నీ ఓటు ఎటో చెప్పు. డడ్లీ పేరు మళ్లీ వస్తుంది.

క్లీవ్‌లండ్ అధ్యక్షుడైనప్పటికి పింఛన్ల యంత్రాంగానికి ఒక భవనం కూడా లేస్తోంది. మాంట్‌గోమరీ మీగ్స్ అనే జనరల్ గీసిన నమూనా, ఎర్ర ఇటుకల కట్టడం, బయటి గోడ చుట్టూ కవాతు చేస్తున్న సైనికుల మట్టి శిల్పాలు 1,200 అడుగుల పొడవున, లోపల 75 అడుగుల ఎత్తు స్తంభాలు. దాదాపు 1,500 మంది గుమస్తాలు పనిచేసేందుకు కట్టారు. ఇప్పుడది జాతీయ భవన నిర్మాణ మ్యూజియం.

ఈ కార్యాలయం తిరస్కరించిన దరఖాస్తులకు ఇంకో దారి ఉండేది. ఊరి కాంగ్రెస్ సభ్యుణ్ణి పట్టుకుంటే అతను ఆ ఒక్క మనిషి పేరిట బిల్లు పెట్టేవాడు. ఇలాంటి ప్రైవేటు బిల్లుల కోసం ప్రతినిధుల సభ శుక్రవారం సాయంత్రాలు కేటాయించింది. బెంచీలు ఖాళీగా ఉండగా, చదివేవాడు చదువుతుండగా, బిల్లులు కట్టలకొద్దీ ఆమోదం పొందేవి. సభ్యులు ఒకరి బిల్లుకు ఒకరు అడ్డుపడరు. ఈ రోజు నీది, రేపు నాది. క్లీవ్‌లండ్‌కు ముందున్న అధ్యక్షులు వీటిలో దాదాపు అన్నిటికీ సంతకాలు పెట్టారు. ఈయన చదవడం మొదలుపెట్టాడు. ఒక్క రోజే దాదాపు 240 బిల్లులు తన బల్ల మీదికి వచ్చాయని 1886 మే నెలలో సభకు రాశాడు. అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని ఒక్కొక్క కాగితం తిరగేసేవాడు.

వాటిలో ఏముండేవో రెండు ఉదాహరణలు చాలు. ఒకతను యుద్ధం ముగియడానికి రెండు వారాల ముందు, ఇంకొకరికి బదులుగా డబ్బు తీసుకుని చేరాడు. పది రోజులు తిరక్కుండా తట్టు పోసి ఆసుపత్రి పాలయ్యాడు. మొత్తం నెలా పదిహేడు రోజుల కొలువు. పదిహేనేళ్ల తర్వాత ఆ తట్టు కళ్లకు, వెన్నుకు దిగిందని పింఛను కోరాడు. ఇంకో బిల్లు ఒక వితంతువు పేరిట. ఆమె భర్తకు యుద్ధంలో గాయమైన మాట నిజమే గానీ, ఎన్నో ఏళ్ల తర్వాత అతను చనిపోయింది తాగిన మత్తులో తింటూ మాంసం ముక్క గొంతులో అడ్డుపడి. రెండింటినీ క్లీవ్‌లండ్ తిప్పిపంపాడు. తొలి నాలుగేళ్లలో ఇలా తిప్పికొట్టిన పింఛను బిల్లులు 200 దాటాయి. అంతకు ఎన్నో రెట్ల బిల్లులకు ఆయన సంతకం కూడా పెట్టాడు. వితంతువుల నెల పింఛను 8 నుంచి 12 డాలర్లకు పెంచిన 1886 చట్టం మీద సంతకమూ ఆయనదే. కానీ ఆ వీటో సందేశాల్లో ఎత్తిపొడుపు మాటలు ఎక్కువ. అక్కడ ఆయన తప్పు చేశాడని నా అభిప్రాయం. లెక్క సరైనదే, కానీ పేదవాడి దరఖాస్తును నలుగురిలో ఎగతాళి చేసే హక్కు ఏ పాలకుడికీ లేదు. పైగా యుద్ధకాలంలో ఆయన తనకు బదులుగా 150 డాలర్లకు ఇంకొకర్ని పంపి ఇంటి దగ్గరే ఉన్నాడు. అది చట్టం ఒప్పుకున్న మార్గమే అయినా, కాళ్లు పోయినవాళ్ల ముందు అలాంటివాడు వెటకారమాడితే ఎవరు సహిస్తారు?

1887 ఫిబ్రవరిలో పెద్ద పరీక్ష వచ్చింది. యుద్ధంతో సంబంధం లేకుండా, పనిచేయలేని మాజీ సైనికులందరికీ పింఛను ఇవ్వాలన్న బిల్లును కాంగ్రెస్ ఆమోదించింది. క్లీవ్‌లండ్ వీటో చేశాడు. జూన్‌లో, యుద్ధంలో పట్టుబడి యుద్ధశాఖ అటక మీద దుమ్ముపట్టి ఉన్న దక్షిణాది జెండాల్ని ఆయా రాష్ట్రాలకు తిరిగి ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడు. సంఘం ప్రధాన సేనాని, యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న లూషియస్ ఫెయిర్‌చైల్డ్, ఆ ఆజ్ఞ రాసిన చెయ్యి చచ్చుబడిపోవాలని సభలో శపించాడు. ఒహాయో గవర్నర్ ఫొరేకర్ తమ రాష్ట్రంలోని జెండా ఒక్కటి కూడా కదలదన్నాడు. కొద్దిరోజుల్లోనే అధ్యక్షుడు ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. ఆ సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌లో సంఘం జరిపే మహాసభకు వెళ్లాల్సినవాడు మానుకున్నాడు. అవే జెండాల్ని 1905లో, థియొడర్ రూజ్‌వెల్ట్ కాలంలో తిరిగి ఇచ్చినప్పుడు ఎవరూ నోరెత్తలేదు. 1887లో అందరికీ పూనకం తెప్పించింది జెండా గుడ్డ కాదు, ముందున్న ఎన్నిక.

ఇక్కడ రెండో పాత్రధారుల్ని పరిచయం చేయాలి. వాళ్లు సైనికులు కారు, కర్మాగారాల యజమానులు. ఇనుము, ఉన్ని తయారీదారులకు విదేశీ సరుకు మీద ఎత్తయిన సుంకాలు కావాలి. ఆ సుంకాల వల్ల ఖజానాలో ఏటా 10 కోట్ల డాలర్లకు పైగా మిగులు తేలుతోంది. అంత మిగులెందుకు, సుంకాలు తగ్గించి జనానికి బట్టలూ వస్తువులూ చవగ్గా దొరకనివ్వండని క్లీవ్‌లండ్ 1887 డిసెంబరు సందేశమంతా దానికే కేటాయించాడు. సుంకాలు నిలవాలంటే మిగులు ఏదో ఒక రూపంలో ఖర్చయిపోవాలి. ఎవరూ వేలెత్తి చూపలేని ఖర్చు, గౌరవప్రదమైన ఖర్చు కావాలి. పింఛనుకు మించింది ఏముంది? ఉన్ని మిల్లు యజమాని లాభం, కాలు పోయిన సిపాయి జేబు అలా ఒకే తాడుకు ముడిపడ్డాయి. సిపాయి ఈ ముడిని వేయలేదు. అతని పేరు చెప్పుకుని వేరేవాళ్లు వేశారు. ఉన్ని కోటుకు ఎక్కువ ధర పెట్టిన రైతు, కూలీ, దర్జీ ఆ బిల్లు కట్టారు.

1888లో రిపబ్లికన్లు నిలబెట్టిన అభ్యర్థి బెంజమిన్ హారిసన్, ఇండియానా వాడు, యుద్ధంలో బ్రిగేడియర్ జనరల్ స్థాయికి ఎదిగినవాడు. మాజీ సైనికుల కోరికల్ని మందుల కొట్టు త్రాసులో తూచే కాలం కాదిది అని ప్రచారంలో అన్నాడు. డడ్లీ ఇప్పుడు ఆ పార్టీ జాతీయ కోశాధికారి. అక్టోబరు 24న ఇండియానా నాయకులకు అతను పంపిన ఉత్తరం డెమొక్రాట్ల చేతికి చిక్కి పత్రికలకెక్కింది. అమ్ముడుపోయే ఓటర్లను అయిదుగురు చొప్పున గుంపులు కట్టండి, ఒక్కో గుంపుకు డబ్బిచ్చి నమ్మకమైన మనిషిని పెట్టండి, ఒక్కడూ జారిపోకుండా ఓటు వేయించండి అన్నది దాని సారాంశం. ఉత్తరం బయటపడ్డా ఫలితం మారలేదు. క్లీవ్‌లండ్‌కు దేశం మొత్తం మీద దాదాపు 90 వేల ఓట్లు ఎక్కువొచ్చాయి. కానీ 1884లో తాను గెలిచిన న్యూయార్క్, ఇండియానా రెండూ పోయాయి. ఇండియానాలో తేడా రెండువేల చిల్లర మాత్రమే. ఎలక్టొరల్ ఓట్లు హారిసన్‌కు 233, క్లీవ్‌లండ్‌కు 168. పింఛను ఒక్కటే ఈ ఫలితం తేల్చిందనలేం; సుంకాల గొడవ ఉంది, న్యూయార్క్ డెమొక్రాట్ల లోపలి కలహాలున్నాయి. కానీ రెండు రాష్ట్రాల్లో అంత సన్నటి తేడా ఉన్నప్పుడు మాజీ సైనికుల ఓటు లేకుండా హారిసన్ గెలిచేవాడని అనుకోలేం.

గెలిచాక బాకీ తీర్చాలి. 1889 మార్చిలో పింఛన్ల కమిషనర్ పదవిని జేమ్స్ టానర్‌కు ఇచ్చారు. బుల్ రన్‌లో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఆ టానరే. ఇప్పుడు అతను సంఘంలో పేరుమోసిన వక్త, ఎన్నికల్లో ఊరూరా తిరిగి హారిసన్‌కు ఓట్లడిగినవాడు. ఖజానా మిగులును ఇక దేవుడే కాపాడాలని తన ఉద్దేశం దాచుకోకుండా చెప్పాడు. పాత పింఛనుదారుల దస్త్రాలు తిరగదోడి, వాళ్లు అడగకపోయినా రేట్లు పెంచి బకాయిలు ఇప్పించడం మొదలుపెట్టాడు. అలా పెంపు దక్కినవారిలో తన కార్యాలయంలోనే జీతం తీసుకుంటున్న ఉద్యోగులు కూడా ఉన్నారు. కంచే చేను మేసింది. పై మంత్రి విచారణ జరిపించాడు. సెప్టెంబరులో, పట్టుమని ఆరు నెలలు నిండకముందే, టానర్ రాజీనామా చేయాల్సివచ్చింది.

టానర్‌ను దోపిడీదారుగా చూడటం నాకు ఇష్టం లేదు. అతను తనకోసం దోచుకున్నవాడు కాడు. తోటివారికి ఎంత ఇచ్చినా తక్కువే అని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. అలాంటి నమ్మకం ఉన్న మనిషిని ఖజానా తాళాల దగ్గర కూర్చోబెట్టడంలోనే రాజకీయ నాయకుల లెక్క ఉంది. ఒక వర్గానికి మేలు చేయాలన్న తపనతో వచ్చేవాడు వేరు, ఆ తపనను ఓట్లుగా మార్చుకునేవాడు వేరు. చరిత్ర పుస్తకాల్లో చెడ్డపేరు మొదటివాడికే మిగిలింది.

టానర్ పోయినా అతను అనుకున్నది ఆగలేదు. 1890 జూన్ 27న హారిసన్ సంతకంతో కొత్త పింఛను చట్టం వచ్చింది. 90 రోజులు సైన్యంలో ఉంటే చాలు. ఇప్పుడు ఒళ్లు కష్టం చేయలేని స్థితిలో ఉంటే చాలు. ఆ స్థితికి యుద్ధమే కారణం కానక్కర్లేదు. దురలవాట్ల వల్ల వచ్చింది కాకపోతే సరి. నెలకు 6 నుంచి 12 డాలర్లు. ఆ కాంగ్రెస్ ఇంకెన్నో పంచింది. అక్టోబరులో మకిన్లీ సుంకాల చట్టం కర్మాగారాలకు, అందులోనే దేశీయ చక్కెర తయారీదారులకు పౌనుకు రెండు సెంట్ల కానుక, జులైలో నెలకు 45 లక్షల ఔన్సుల వెండి ప్రభుత్వమే కొనాలంటూ పశ్చిమాది గనులకు మరో చట్టం. వంద కోట్ల డాలర్ల కాంగ్రెస్ అని దానికి పేరు పడింది.

పింఛనుదారుల సంఖ్య 1889లో 4,89,725. 1893కి 9,66,012. ఖర్చు దాదాపు 16 కోట్ల డాలర్లు, అంటే కేంద్ర ప్రభుత్వ ఆదాయంలో నూటికి 40 పైగా. యుద్ధం ముగిసి 28 ఏళ్లయ్యాక! ఆ ఏడాదే ఆర్థిక సంక్షోభం విరుచుకుపడి, ఏటా తేలే మిగులు లోటుగా మారింది.

ఇంత పంచిన పార్టీకి ఓట్లు పడ్డాయా? పడలేదు. 1890 నవంబరు ఎన్నికల్లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల బలం సగానికి పడిపోయింది. సుంకాలతో పెరిగిన ధరలు ప్రతి ఇంటికీ తగిలాయి. 1892లో క్లీవ్‌లండ్ మళ్లీ గెలిచాడు. అయినా పింఛను చట్టాన్ని రద్దు చేయడం ఆయన వల్ల కూడా కాలేదు. ఒక వర్గానికి ఇచ్చింది ఆ వర్గానికి హక్కుగా స్థిరపడిపోతుంది. ఇచ్చినవాడు ఓడినా, వద్దన్నవాడు గెలిచినా ముట్టుకోలేరు. 1904లో రూజ్‌వెల్ట్, ఎన్నికల ఏడాదిలోనే, 62 ఏళ్లు నిండటమే సగం అంగవైకల్యంతో సమానమని ఉత్తర్వు ఇచ్చాడు. 1907లో అదే చట్టమైంది. ఈ చట్టాల గురించి విస్తారంగా పరిశోధించిన థీడా స్కాచ్‌పోల్ లెక్క ప్రకారం 1910 నాటికి 65 దాటిన అమెరికన్ పురుషుల్లో నూటికి 28 మంది ఈ పింఛను మీద ఉన్నారు. అప్పటికి అమెరికాలో ముసలివాళ్లకంటూ దేశవ్యాప్త పింఛను పథకం లేదు. అది 1935 దాకా రాలేదు.

ఆ మిగతా 72 మంది ఎవరు? యుద్ధం తర్వాత ఐరోపా నుంచి వచ్చి గనుల్లో, మిల్లుల్లో ఒళ్లు అరగదీసుకున్నవారు. దక్షిణాది తెల్లవారు, తిరగబడిన సైన్యంలో పనిచేసినందుకు వాళ్లకు కేంద్ర పింఛను లేదు, తమ రాష్ట్రాలు ఇచ్చే కొద్దిపాటితో సరిపెట్టుకున్నారు. సుంకాల భారం మాత్రం అందరితో సమానంగా మోశారు. ఇక నల్లవారు. ఉత్తరాది సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్ల సైనికులు పోరాడారు. పింఛను చట్టం వాళ్లకు రంగును బట్టి తేడా చూపలేదు. కానీ పుట్టినతేదీ కాగితం అడిగింది, పెళ్లి కాగితం అడిగింది. బానిసగా పుట్టినవాడికి అవెక్కడివి? వాళ్ల దరఖాస్తులు తెల్ల సైనికుల దరఖాస్తుల కంటే ఎక్కువగా తిరస్కారానికి గురయ్యాయి.

సైన్యంలో చేరని మాజీ బానిసల మాటేమిటి? ఈ ప్రశ్న అడిగిన ఒక స్త్రీ గురించి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. ఆమె పేరు క్యాలీ హౌస్. టెనెసీలో బానిసగా పుట్టింది, భర్త పోయాక నాష్‌విల్‌లో బట్టలు ఉతుకుతూ, కుట్టుపని చేస్తూ అయిదుగురు పిల్లల్ని పెంచింది. పింఛన్ల చట్టాలు చూసి ఆమె వేసిన లెక్క సూటిగా ఉంటుంది: కొద్ది నెలలు తుపాకీ పట్టినవాడికి దేశం బాకీ ఉంటే, జీవితమంతా కూలి లేకుండా చాకిరీ చేసినవాళ్లకు బాకీ లేదా? 1890ల చివర్లో ఆమె, మరికొందరు కలిసి మాజీ బానిసల పింఛను సంఘాన్ని నడిపారు. సభ్యులు చిల్లర నాణేలు చందాగా ఇచ్చారు. ముసలివాళ్లకు మందులు, చనిపోతే అంత్యక్రియల ఖర్చు సంఘం చూసుకునేది. వేలాదిమంది కాంగ్రెస్‌కు వినతిపత్రాలు పంపారు. గ్రాండ్ ఆర్మీ చేసిన పని కూడా సరిగ్గా ఇదే: సంఘం కట్టడం, చందాలు పోగుచేయడం, బిల్లు పెట్టించడం. కానీ ఈ సంఘంలోని వాళ్లు బతుకుతున్న దక్షిణాది రాష్ట్రాల్లో ఆ సంవత్సరాల్లోనే నల్లవాడి ఓటు హక్కును అక్షరాస్యత పరీక్షలతో, ఓటు పన్నులతో ఊడలాక్కుంటున్నారు. ఓటు లేనివాళ్ల వినతిపత్రానికి వాషింగ్టన్‌లో విలువ లేకపోయింది. అంతటితో ఆగలేదు. రాని పింఛను వస్తుందని చెప్పి పేదల్ని మోసం చేస్తున్నారంటూ 1899లోనే తపాలాశాఖ ఆ సంఘం ఉత్తరాల్ని ఆపేసింది. ఆమె మీద నిఘా పెట్టి సమాచారం అందించిన వాటిలో పింఛన్ల కార్యాలయమూ ఉంది. 1917లో, తపాలా ద్వారా మోసం చేశారన్న నేరం కింద, తెల్ల పురుషులే ఉన్న జ్యూరీ ఆమెను దోషి అన్నది. మిసోరీలోని జెఫర్సన్ సిటీ జైలులో శిక్ష అనుభవించి వచ్చింది.

అంతర్యుద్ధ సైనికుల పేరిట అమెరికా ఖజానా చివరి పింఛను చెల్లించింది 2020లో, ఒక సైనికుడి కూతురికి, నెలకు 73 డాలర్ల 13 సెంట్లు. మాజీ బానిసల పింఛను బిల్లులు 1890 నుంచి కాంగ్రెస్ ముందుకు పలుమార్లు వచ్చాయి. వాటిలో ఒక్కటీ చట్టం కాలేదు.

(ఇంకా ఉంది)